అయిదు సంతకాల కాగితం

ఆ రోజు పొద్దున హాజరు బాబాయి వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. ఉదయం అన్న సంతాప సభ. అది ముగిశాక అందరికీ టీ. మధ్యాహ్నం సంగీత గ్రంథాలయం నుంచి ఒక అధికారిణి వచ్చి, అన్న జన్మంతా పోగుచేసిన కాగితాలను అప్పగింత పుచ్చుకుంటుంది. అన్న బతికుండగా తన వల్ల ఆయనకు ఏ ఉపయోగమూ జరగలేదు కాబట్టి, పోయాకైనా ఈ ఒక్క రోజును ఏ పొరపాటూ లేకుండా గట్టెక్కించాలని బాబాయి పట్టుదల.

హాజరు బాబాయి అన్నది అన్న కూతురు చిన్నప్పుడు పెట్టిన పేరు. ఒక పెద్ద కార్యాలయంలో హాజరు పట్టీ చూసే గుమాస్తాగా చేరి, అదే బల్ల దగ్గర జుట్టు నెరిసి, అక్కడే పదవీ విరమణ చేసిన మనిషి. పై అధికారి వచ్చినా, అటెండరు వచ్చినా ఆయన ముందు వంగి సంతకం పెట్టాల్సిందే. నిమిషం దాటితే పేరు పక్కన ఎర్ర సిరాతో "ఆలస్యం" అని పడాల్సిందే. ఉద్యోగం అయిపోయింది గానీ ఎర్ర పెన్ను మాత్రం జేబు వదిలిపోలేదు. పెళ్ళిళ్ళకు వెళ్ళినా ఎవరొచ్చారు, ఎవరు రాలేదు అని లెక్క చూసుకుంటేగాని ఆయనకు ముద్ద దిగదు.

అన్న వయొలిన్లు బాగుచేసేవాడు. పగిలినవి అతికించడం, కమానులకు కొత్త వెంట్రుకలు కట్టడం ఆయన వృత్తి. వందేళ్ళ క్రితమే పోయిన వయొలిన్ విద్వాంసులూ, స్వరకర్తలూ సంతకం పెట్టిన కాగితాలు వెతికి తెచ్చుకోవడం ఆయన పిచ్చి. ఉత్తరాలు, కచేరీ ఒప్పందాలు, రసీదులు. ఒక మహానుభావుడు తన చొక్కాకు గంజి ఎక్కువైందని చాకలికి రాసిన చీటీ కూడా ఉంది. అంటే అన్నదమ్ములిద్దరూ బతుకంతా ఊళ్ళోవాళ్ళ సంతకాలు పోగుచేస్తూనే గడిపారన్నమాట. తమ్ముడి పట్టీలో సంతకం పెట్టినవాళ్ళు మర్నాడు మళ్ళీ వచ్చేవారు. అన్న దగ్గరున్నవాళ్ళు ఇక ఎప్పటికీ రారు.

ఆ కాగితాలను బాబాయి ఒక్కసారి కూడా సరిగ్గా చూసి ఎరగడు. ఎప్పుడు సొరుగు దగ్గరికి వెళ్ళినా "చేతులు కడుక్కున్నావా?" అని అన్న గదమాయించేవాడు. కడుక్కుని వచ్చేసరికి ఎవరో ఒకరు భోజనానికి పిలిచేవారు. పోయే ముందు మాత్రం అన్నే స్వయంగా ఫోన్ చేశాడు. "ఒరేయ్, ఒక్కసారి రారా. నీకు ఒక కాగితం చూపించాలి. నువ్వయితేనే దాని సంగతి అర్థం చేసుకుంటావు." "వచ్చే ఆదివారం వస్తాలే అన్నయ్యా" అన్నాడు బాబాయి. ఆ ఆదివారం ఏదో పని తగిలింది. తరవాతి ఆదివారానికి అన్నే లేడు.

ఇక సభ రోజు పొద్దున సంగతి. అన్న పని చేసుకున్న ముందు గదిలోనే సభ. గోడకు తీగల్లేని వయొలిన్లు వేలాడుతున్నాయి. జిగురు వాసన ఇంకా పోలేదు. కుర్చీలు వేయించి, ఫొటో సర్ది, మంచినీళ్ళు పెట్టించాక బాబాయికి ఒక సంగతి గుర్తొచ్చింది. వచ్చినవాళ్ళ సంతకాలకు పుస్తకం కొనడం మరిచిపోయాడు! జన్మంతా హాజరు చూసినవాడు సొంత అన్న సభకు హాజరు పట్టీ లేకుండా నిలబడ్డాడు. కొనుక్కొద్దామంటే అప్పటికే వీధిలో చెప్పుల చప్పుడు.

అప్పుడు కనిపించింది తలుపు పక్క చిన్న బల్ల. దాని మీద ఒక వెడల్పాటి కాగితం, పక్కన మూత తీసి ఉన్న అన్న సిరా పెన్ను. కాగితం మందంగా, టీ ఒలికినట్టు పాత రంగులో ఉంది. పైన తనకు రాని భాషలో, వంపులు తిరిగిన అక్షరాలతో ఒక వరస. కింద అయిదు సంతకాలు. ఆ కిందంతా ఖాళీ.

"వదిన ఎంత ముందుచూపున్న మనిషి!" అనుకుని బాబాయి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు. అన్నకు పాతవంటే ఇష్టం కదా, అందుకని ఎక్కడో వెతికి ఇలాంటి కాగితం తెప్పించింది. అప్పుడే అయిదుగురు వచ్చి సంతకాలు కూడా పెట్టేశారు. అయితే ఆ పెట్టిన తీరే ఆయనకు నచ్చలేదు. ఒక్కటీ చదవడానికి వీల్లేదు. వరస సంఖ్యలు లేవు. మూడోవాడి సంతకం తోక కాగితం అంచు దాకా పాకింది. ఇది పద్ధతి కాదు. బాబాయి ఎర్ర పెన్ను తీసి ఆ అయిదింటికీ ఒకటి నుంచి అయిదు వరకు అంకెలు వేశాడు. అన్న స్కేలు తెచ్చి కింద ఖాళీలో గీతలు కొట్టాడు. మూడోవాడి పక్కన "స్పష్టంగా లేదు" అని రాశాక ఆయన ప్రాణం కొంచెం కుదుటపడింది.

మొదట వచ్చిన పక్కింటి పళ్ళ డాక్టరుతో సంతకం పెట్టించి, "ఈ మూడో ఆయన ఎవరై ఉంటారండీ?" అని అడిగాడు.

డాక్టరు కళ్ళద్దాలు ఎత్తి చూశాడు. "ఇంత తోకున్న సంతకం మన వీధి సంఘం కార్యదర్శిదేనండీ. నా నీళ్ళ పంపు ఫిర్యాదు మీద అచ్చం ఇలాగే బరికాడు."

బాబాయి వెంటనే దాని పక్కన "కార్యదర్శి" అని ఎర్రగా రాసి పెట్టాడు.

కాసేపటికి అసలు కార్యదర్శి రొప్పుకుంటూ వచ్చాడు. ఆలస్యానికి బండి మీద నెపం వేద్దామని దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ వచ్చినవాడి రెండు చేతులూ బాబాయి పట్టేసుకున్నాడు. "అందరికన్నా ముందొచ్చి సంతకం పెట్టి వెళ్ళారు. మీ రుణం తీర్చుకోలేమండీ!" కార్యదర్శి ఒక్క క్షణం నీళ్ళు నమిలాడు. తరవాత గుండెల మీద చెయ్యి వేసుకుని, "ఏదోనండీ, అది నా బాధ్యత" అన్నాడు.

ఇక పని ఊపందుకుంది. పళ్ళ డాక్టరు సంతకం కింద ఆసుపత్రి వేళలు కూడా రాసి పోయాడు. తీగలమ్మే దుకాణదారు తన పేరు పెట్టి, పక్కన భార్య పేరు కూడా పెట్టబోయాడు. "ఒకరి హాజరు ఇంకొకరు వెయ్యకూడదండీ" అని బాబాయి చెయ్యి పట్టుకున్నాడు. ఆయన ఇంటికి ఫోన్ చేస్తే ఆవిడ నలిగిన చీరతోనే పరుగున వచ్చింది. సంతకం పెట్టి, అన్న ఫొటో చూసి, వచ్చినవాళ్ళందరికన్నా ఎక్కువ ఏడ్చింది. ఎవరో తడి గ్లాసు పెడితే కాగితం మీద గుండ్రంగా మరక పడింది. ఆలస్యంగా వచ్చినవాళ్ళకు ఆలస్యం అని ఎర్రగా పడుతూనే ఉంది.

వయొలిన్ నేర్పే గడ్డం మాస్టారు దగ్గర మాత్రం వరస ఆగిపోయింది. అన్నకు చిరకాల స్నేహితుడు. పెన్ను పట్టుకుని, కాగితం వంక చూస్తూ అలాగే ఉండిపోయాడు.

"నిజంగా దీని మీదేనా?" అన్నాడు చివరికి.

"మరి దేని మీదండీ? కానివ్వండి, వెనక జనం ఆగిపోయారు."

మాస్టారు ఫొటో పక్కన కూర్చున్న వదిన వైపు చూశాడు. ఆవిడ చిన్నగా తల ఆడించింది. మాస్టారు చెయ్యి పంచెకు తుడుచుకుని, వంగి, నెమ్మదిగా సంతకం పెట్టాడు. మనిషి బాగా దిగులు పడ్డాడు పాపం అనుకున్నాడు బాబాయి.

సభలో మాస్టారే వయొలిన్ వాయించాడు. అది అన్న ఆఖరుగా బాగుచేసిన వాయిద్యం. అతుకు ఎక్కడుందో వినేవాళ్ళకు తెలియలేదు. వాయిస్తున్నంతసేపూ ఒక్కరు కూడా లేవలేదు. తరవాత తమ్ముణ్ణి మాట్లాడమన్నారు. బాబాయి లేచి గొంతు సవరించుకున్నాడు. "అందరూ వచ్చారు" అన్నాడు. కాసేపాగి, "అందరూ వచ్చారు" అని మళ్ళీ అని కూర్చుండిపోయాడు. కళ్ళు తుడుచుకోవడానికి జేబులో చెయ్యి పెడితే రుమాలు బదులు ఎర్ర పెన్ను వచ్చింది.

జనం వెళ్ళిపోయాక, పొద్దుటి నుంచీ వంటింటి పనిలో ఉన్న అన్న కూతురు వచ్చి సొరుగుల్లోని కాగితాలు పెట్టెల్లో సర్దడం మొదలుపెట్టింది. చివరి సొరుగు లాగి కెవ్వుమంది.

"బాబాయ్! పెద్ద కాగితం లేదు! నాన్న ప్రాణంగా చూసుకున్నది. గ్రంథాలయం వాళ్ళు ముఖ్యంగా దాని కోసమే వస్తున్నారు. అట్ట ఉంది, లోపల కాగితం లేదు."

బాబాయి నెత్తి కొట్టుకున్నాడు. సంతాప సభలో దొంగతనం! అన్న కోసం ఈ ఒక్క రోజు సవ్యంగా జరిపిస్తే చాలనుకుంటే ఇలా కొంప మునిగింది. అంతలోనే ఆయనకు ధైర్యం వచ్చింది. ఇలాంటి సమయంలో పనికొచ్చే మనిషి ఇక్కడ తనొక్కడే కదా.

"భయపడకు తల్లీ. ఈ గదిలోకి ఎవరెవరు అడుగుపెట్టారో మొత్తం నా దగ్గర రాతపూర్వకంగా ఉంది. వాడెంతటివాడైనా తప్పించుకోలేడు."

సభ కాగానే హాజరు పట్టీని చుట్ట చుట్టి జేబులో పెట్టుకున్నాడు. ఇప్పుడు ఆత్రంలో దాన్ని పూర్తిగా విప్పకుండానే ఒక కొస మాత్రం తెరిచి లోపలికి చూశాడు. మూడో పేరు. కార్యదర్శి. అందరికన్నా ముందొచ్చాడు, గదిలో ఎవరూ లేరు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? వెంటనే ఫోన్ చేశాడు.

"అయ్యా, పొద్దున మీరు ముందుగా వచ్చినప్పుడు గదిలో ఒక్కరే ఉన్నారు కదా?"

"అవునవును" అన్నాడు కార్యదర్శి ఉత్సాహంగా. "పిట్ట కూడా లేదండీ."

"సొరుగులో విలువైన కాగితం పోయింది."

అవతల కార్యదర్శి, పొద్దున ఫొటో ముందు చెప్పిన సంతాపం కన్నా దీనమైన గొంతుతో, "నేను ముందుగా రాలేదండీ! ఆలస్యంగా వచ్చాను. ఆ సంతకం నాది కాదు. మీరు అంత మర్యాద చేస్తుంటే కాదనలేక ఊరుకున్నాను. మా పిల్లల మీద ఒట్టు!" అని ఏడుపు లంకించుకున్నాడు.

"సంతకం మీది కాకపోతే మరి ఎవరిది?" బాబాయి విసురుగా కాగితం జేబులోంచి లాగి బల్ల మీద పరిచాడు. "అమ్మాయ్, నువ్వు చూసి చెప్పు. ఈ మూడో దొంగ ఎవడు?"

అమ్మాయి చూసింది. బల్ల అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. బాబాయి ఒకసారి అమ్మాయి మొహం, ఒకసారి ఖాళీ అట్ట, ఒకసారి కాగితం చూశాడు. అట్ట ఎంత వెడల్పుందో కాగితమూ సరిగ్గా అంతే ఉంది.

"మూడో ఆయన స్వరకర్త, బాబాయ్" అంది అమ్మాయి మెల్లగా. "మిగతా నలుగురూ వాయించినవాళ్ళు. పైన ఏం రాసి ఉందో తెలుసా? 'కచేరీ చివరిదాకా ఉన్నవారు దయచేసి ఇక్కడ సంతకం చేయగలరు' అని. ఆయన కొత్తగా కట్టిన సంగీతం. జనానికి నచ్చలేదు. మధ్యలోనే ఒక్కొక్కరు లేచి వెళ్ళిపోయారు. చివరికి హాలులో ఎవ్వరూ మిగల్లేదు. వాయించిన నలుగురూ, కట్టిన ఆయనా తామే సంతకాలు పెట్టుకుని దీపాలు ఆర్పి వెళ్ళారట. నాన్న ఎన్నిసార్లో ఈ కింది ఖాళీని చూస్తూ కూర్చునేవాడు. మా బాబాయికి చూపించాలి, ఎవరూ హాజరు కాని పట్టీ అంటే ఏమిటో వాడికే తెలుస్తుంది అనేవాడు."

బాబాయి కుర్చీలో కూలబడ్డాడు. అన్న రమ్మన్నది దీనికోసమన్నమాట. ఆదివారం వచ్చి ఉంటే దీన్ని పోల్చుకునేవాడు. రాలేదు కాబట్టే, వచ్చినరోజున దాని నెత్తిన అంకెలు వేశాడు. "అన్నయ్యా" అన్నాడు పైకే. తరవాత ఆయన చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. ఫోన్ ఇంకా తెరిచే ఉంది. అవతల కార్యదర్శి, తనవల్లే ఆయన ఏడుస్తున్నాడనుకుని, ఇంకా గట్టిగా ఏడ్చాడు.

ఏడుపు కాస్త తెరిపిచ్చాక రబ్బరు పట్టుకొచ్చాడు. అమ్మాయి లాక్కుంది. నిమ్మకాయతో ఎర్ర సిరా పోతుందని ఎవరో ఎప్పుడో చెప్పిన సంగతి గుర్తొచ్చి వంటింట్లోకి పరుగెత్తాడు. అమ్మాయి అడ్డం నిలబడింది. ఈ తగువులో ఉండగానే గుమ్మంలో గ్రంథాలయం అధికారిణి ప్రత్యక్షమైంది. సన్నటి మనిషి, సంచీలో తెల్లటి చేతి తొడుగులు. గ్రంథాలయంలో అన్న వారం వారం వెళ్ళి కూర్చునే బల్ల ఆవిడ ఎదురుగానే ఉండేదట.

బాబాయి మంచినీళ్ళిచ్చాడు. ఆవిడ తాగింది. మళ్ళీ ఇచ్చాడు. మళ్ళీ తాగింది. మూడోసారి గ్లాసు పట్టుకొస్తుంటే, "ఇక చాలండీ, ఆ కాగితం చూపించండి" అంది.

దాచడానికి ఏ దారీ లేదు. బాబాయి కాగితం తెచ్చి ఆవిడ ముందు పెట్టి, రెండు చేతులూ కట్టుకుని నిలబడ్డాడు. ఉద్యోగంలో ఉండగా ఆలస్యమైనవాళ్ళు తన ముందు ఎలా నిలబడేవారో మొదటిసారి ఆయనకు అర్థమైంది. "మొత్తం నా తప్పేనమ్మా. మా వదినకు గాని, అమ్మాయికి గాని ఏమీ తెలీదు" అన్నాడు.

ఆవిడ తొడుగులు వేసుకుని వంగి చూసింది. అయిదు సంతకాలు, ఎర్ర అంకెలు, పళ్ళ డాక్టరు ఆసుపత్రి వేళలు, గ్లాసు మరక. చాలాసేపటికి నిట్టూర్చి, "దీన్ని మేం తీసుకోలేమండీ. కొత్త రాతలు పడ్డ పత్రం మా నిబంధనలకు కుదరదు. మిగతావన్నీ తీసుకెళ్తాను. ఇది మాత్రం ఇంట్లోనే ఉంచుకోవాలి" అంది.

బాబాయి తల వాల్చేశాడు. అప్పుడు, పొద్దుటి నుంచీ పెద్దగా నోరు విప్పని వదిన లేచి వచ్చింది.

"ఇంట్లోనే ఉంచుకోవచ్చా? రాసివ్వమంటే రాసిస్తాను" అంది.

ఆ గొంతులో ఏదో తేడా వినిపించి బాబాయి తలెత్తాడు.

"పొద్దున ఆఖరుసారి చూసుకుందామని నేనే తీసి, పక్కన ఆయన పెన్నుతో సహా ఆ బల్ల మీద పెట్టుకున్నాను" అంది వదిన. "అన్నీ కలిపి ఇచ్చేస్తానని మీ అన్న మాటిచ్చారు. ఇదొక్కటీ ఉంచండని అడగడానికి నాకు నోరు రాలేదు. లోపలికి వెళ్ళి వచ్చేసరికి నువ్వు గీతలు కొట్టేశావు. డాక్టరు గారు సంతకం పెడుతున్నారు."

"మీరు చూశారా? మరి ఆపలేదేం వదినా?"

"ఆపుదామనే వచ్చాను." ఆవిడ చీర కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఆ ఖాళీ నింపడానికి ఒక్కరు కూడా లేకపోయారే అని ఆయన ఎంత బాధపడేవారో నీకు తెలీదు. డాక్టరు గారు పెట్టారు. వెనక ఇంకొకరు నిలబడ్డారు. వాళ్ళ వెనక ఇంకొకరు. చూస్తూ చూస్తూ వద్దని ఎలా అనను? మాస్టారు అడిగితే నేనే తల ఊపాను."

అధికారిణి తన కాగితం మీద "పాడైనది, వారసులకే వదిలివేయడమైనది" అని రాసుకుంది. సంచీ సర్దుకుని, గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చింది. చేతి తొడుగులు విప్పి, "ఇక మా పత్రం కాదు కాబట్టి అడుగుతున్నాను. నేనూ ఆయన కోసమే వచ్చాను. పెట్టొచ్చా?" అంది. వదిన పెన్ను అందించింది. ఆవిడ గీత మీద బుద్ధిగా, చదవడానికి వీలుగా సంతకం పెట్టి వెళ్ళిపోయింది.

పెట్టెలన్నీ వెళ్ళాక సొరుగులు బోసిగా తెరిచి ఉన్నాయి. వదిన కాగితాన్ని చివరిదాకా వేలితో చూసుకుంటూ వచ్చి ఆగింది.

"అందరివీ ఉన్నాయి. నీదేదీ?"

"హాజరు తీసుకునేవాడు ఆఖర్న పెట్టాలి వదినా" అన్నాడు బాబాయి. పెన్ను కోసం చెయ్యి చాపాడు.

వదిన ఇవ్వలేదు. "చేతులు కడుక్కున్నావా?" అంది.

బాబాయి లోపలికి వెళ్ళి సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, తుడుచుకుని వచ్చాడు. ఈసారి ఎవరూ మధ్యలో భోజనానికి పిలవలేదు. అన్న సిరా పెన్నుతో అందరికన్నా కింద, మిగిలిన ఆఖరి గీత మీద సంతకం పెట్టాడు. ఆరనిచ్చాడు. తరవాత అలవాటు ప్రకారం జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, తన పేరు పక్కన "ఆలస్యం" అని రాసుకున్నాడు.

ఆయన పట్టీల్లో ఆ మాట తన పేరు పక్కన పడటం అదే మొదలు.